డిచ్‌పల్లి డాక్టరమ్మ

పండుగ సెలవులకు కిషన్‌బాగ్ నుంచి నిజామాబాద్ వైపు వెళ్లే మన మిత్రులకు డిచ్‌పల్లి స్టేషన్ తెలిసినదే. అక్కడి విక్టోరియా ఆస్పత్రిని నిలబెట్టిన డాక్టర్ ఇసబెల్ కెర్ గురించి మాత్రం మనలో చాలామందికి తెలియదు.

ఆమె 1875 మే 30న స్కాట్లాండ్‌లో ఒక రైతు ఇంట జన్మించారు. అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చదివి 1903లో డాక్టరు పట్టా పొందారు. ఆ దేశపు విశ్వవిద్యాలయాల్లో ఆడవాళ్లకు ప్రవేశం దొరికి అప్పటికి పదేళ్లు దాటిందంతే! 1907లో భర్త జార్జ్ కెర్‌తో కలిసి మెథడిస్టు మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చారు.

వెలి అంటే ఏమిటో మన తాతముత్తాతలకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే కుష్ఠు సోకినవారిని ఊరి బయటికి గెంటడంలో అన్ని కులాలూ ఒక్కటయ్యేవి. ఈ వ్యాధిలో నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది. కాలినా, తెగినా తెలియదు. అలా పుండ్లు పడి వేళ్లు పోతాయి. అటువంటి వారికోసం ఆమె 1911లో నిజామాబాద్‌లో చిన్నగా పని మొదలుపెట్టారు. 1915 నాటికి డిచ్‌పల్లిలో ఆస్పత్రి వెలిసింది.

మిషనరీలు మతం కోసమే వచ్చారని కొందరంటారు. మతప్రచారం లేదని మేమూ అనము. కానీ ఇక్కడ కలిసిన చేతులు చూడండి. పెద్ద విరాళం ఇచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. రాజ్యం నిజాముది. 1874లో ఐర్లండ్‌కు చెందిన వెల్లెస్లీ బెయిలీ స్థాపించిన ‘మిషన్ టు లెపర్స్’ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పడింది. మన దేశంలో తరతరాలుగా వాడుతున్న చాల్‌మోగ్రా నూనెను సూదిమందుగా మార్చే పరిశోధన కలకత్తాలో జరిగింది. ఆ సూది చాలా నొప్పి. నెలల తరబడి పొడిపించుకోవాలి, అయినా అందరికీ నయం కాదు. అయినా రోగులు వచ్చారు, ఎందుకంటే అంతకుముందు వారిని ముట్టుకున్న డాక్టరే లేడు.

1923లో ఆమెకు కైసర్-ఎ-హింద్ పతకం లభించింది. 1932 జనవరిలో మరణించారు. డాప్సోన్ మాత్రలు వాడుకలోకి వచ్చింది 1940ల తర్వాతే, ఆమె వాటిని చూడలేదు. నేడు కుష్ఠును ఆరు నెలల్లో లేదా ఏడాదిలో నయం చేసే మందులు ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా దేశదేశాలకూ ఉచితంగా అందుతున్నాయి. కుష్ఠును సాకుగా చూపి విడాకులు కోరే నిబంధనను మన పార్లమెంటు తొలగించింది మాత్రం 2019లోనే.