పందెం ఒక్క పూట, సాధన ఏడాది పొడవునా
మారథాన్ వీరుడు అబెబె బికిలా జీవితం

తెల్లవారుజామున ప్రొద్దుటూరు పొలిమేరల్లో, జమ్మలమడుగు వద్ద పెన్నా ఇసుకలో, పులివెందుల రోడ్ల మీద పరుగు తీసే యువకులు కనిపిస్తుంటారు. వీరిలో చాలామంది పోలీసు కానిస్టేబుల్ ఎంపికకో, సైన్యంలో చేరడానికో సిద్ధమయ్యేవారు. రెండింటిలోనూ 1600 మీటర్ల పరుగు ఉంది. ప్రకటన వెలువడగానే మైదానాలు నిండుతాయి. ఎంపిక ముగియగానే బోసిపోతాయి. ఏడాది సాధనను నెల రోజుల్లో ముగించబోయి, పిక్కలు పట్టేసి, మోకాళ్లు వాచి, తీరా ఆ రోజుకు కుంటుతూ వెళ్లేవారూ ఉంటారు. ఏ పందానికి ఎప్పటినుంచి సిద్ధం కావాలి? పందెం కనుచూపు మేరలో లేని నెలల్లో పరుగు మీద మనసు నిలవడం ఎలా? ఐదు దశాబ్దాల క్రితం కన్నుమూసిన ఒక ఆఫ్రికా సిపాయి జీవితంలో ఈ ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. అతని పేరు అబెబె బికిలా. అతడు పరుగెత్తిన పందెం మారథాన్. దాని దూరం 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అంటే ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు వెళ్లి, ఆగకుండా తిరిగి వచ్చినంత దూరం ఇంచుమించుగా.

కాపరి ఇంట పుట్టి...

బికిలా 1932 ఆగస్టు 7న ఇథియోపియాలోని జాటో అనే పల్లెలో ఒక పశువుల కాపరి ఇంట జన్మించాడు. సరిగ్గా అదే రోజున లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో మారథాన్ పందెం జరిగింది. ఆ సంగతి ఆ పల్లెలో ఎవరికీ తెలిసే వీలు లేదు. పెరిగి పెద్దవాడై రాజధాని అడిస్ అబాబా చేరి చక్రవర్తి హైలీ సెలాసీ అంగరక్షక దళంలో సిపాయిగా చేరాడు. ఆ నగరం మన హార్స్‌లీ కొండల కంటే దాదాపు రెట్టింపు ఎత్తున ఉంది. గాలి పలచన. అక్కడ పరుగెత్తి అలవాటుపడిన గుండెకు, ఊపిరితిత్తులకు పల్లపు ప్రాంతంలో పరుగు కొంత సులువవుతుంది.

సిపాయిలకు వ్యాయామం నేర్పడానికి స్వీడన్ నుంచి వచ్చిన ఓన్ని నిస్కానెన్ అనే శిక్షకుడి కంట బికిలా పడ్డాడు. నిస్కానెన్ పద్ధతి గాలివాటు పద్ధతి కాదు. ఒక రోజు దూరపు పరుగు, మరొక రోజు మైదానంలో కొలిచిన దూరాన్ని వేగంగా పలుమార్లు పరుగెత్తడం, ఇంకొక రోజు కొండదారి. అన్నిటికీ గడియారం, లెక్క ఉండేవి. ఈ క్రమానికి సిపాయి క్రమశిక్షణ తోడయింది. ఇవాళ పరుగెత్తాలా వద్దా అని ప్రతి ఉదయం మనసును అడిగే పని లేకుండా పోయింది.

రోము వీధుల్లో వట్టి పాదాలు

1960లో ఒలింపిక్స్ రోము నగరంలో జరిగాయి. బికిలా అప్పటికి అడిస్ అబాబాలో రెండు మారథాన్లు మాత్రమే పరుగెత్తాడు. రెండూ గెలిచాడు. రెండో దాంట్లో 2 గంటల 21 నిమిషాల 23 సెకన్ల సమయం నమోదు చేశాడు. చెకోస్లోవేకియా వీరుడు ఎమిల్ జాటోపెక్ 1952లో నెలకొల్పిన ఒలింపిక్ రికార్డు కంటే అది మెరుగు. అయినా ఇథియోపియా బయట అతని పేరు తెలిసినవారు అరుదు.

రోములో ఇచ్చిన బూట్లు కాలికి కుదరలేదు. కుదరని బూట్లతో పొక్కులు తెచ్చుకోవడం కంటే అలవాటైన వట్టి కాళ్లే మేలని నిర్ణయించారు. ఇది సాహసం కోసం చేసిన పని కాదు. అడిస్ అబాబాలో చెప్పులు లేకుండా సాధన చేసి గట్టిపడిన పాదాలు అవి. పందెం నాడు కొత్త ప్రయోగం చేయరాదన్న జాగ్రత్త అందులో ఉంది.

సెప్టెంబరు 10 సాయంత్రం పందెం మొదలైంది. చీకటి పడ్డాక దారి పొడవునా సైనికులు కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. చాలా దూరం మొరాకో పరుగువీరుడు రాడి, బికిలా పక్కపక్కనే సాగారు. ముగింపు దగ్గరపడుతుండగా దారిలో ఆక్సుం రాతిస్తంభం వచ్చింది. 1937లో ముస్సోలినీ సేనలు ఇథియోపియా నుంచి తరలించుకుపోయిన స్తంభం అది. అక్కడినుంచి బికిలా వేగం పెంచాడు. కాన్‌స్టంటైన్ తోరణం వద్ద 2 గంటల 15 నిమిషాల 16.2 సెకన్లలో గమ్యం చేరాడు. అప్పటికి ప్రపంచంలో అంతకంటే వేగంగా మారథాన్ ముగించినవారు లేరు. రాడి 25 సెకన్లు వెనకబడ్డాడు. ఆ స్తంభం 2005లో తిరిగి స్వదేశానికి చేరింది.

గెలుపు తర్వాత అసలు పరీక్ష

పేరు వచ్చాక పిలుపులు వస్తాయి. 1961లో బికిలా గ్రీసులోని ఏథెన్స్‌లో, జపాన్‌లోని ఒసాకాలో, చెకోస్లోవేకియాలోని కోషిత్సేలో మూడు మారథాన్లు పరుగెత్తి మూడూ గెలిచాడు. మే, జూన్, అక్టోబరు నెలల్లో ఆ పందేలు జరిగాయి. ఆ పైన 1963 ఏప్రిల్ దాకా అంతర్జాతీయ మారథాన్ల జోలికి పోలేదు. సాధన మాత్రం సాగింది.

జమ్మలమడుగు నల్లరేగడి రైతుకు ఈ లెక్క కొత్త కాదు. బుడ్డశనగకు పదును చూసి అదునులో ఒక్కసారే విత్తుతాడు. మిగిలిన నెలల్లో పొలం ఊరికే ఉన్నట్టు కనిపించినా దుక్కి, ఎరువు పనులు జరుగుతూనే ఉంటాయి. తిరునాళ్ల బండలాగుడు పోటీలకు ఎద్దులను సిద్ధం చేసేవారూ అంతే. నెలల ముందునుంచి ఉలవలు పెట్టి, కొద్దికొద్దిగా బరువు పెంచుతూ లాగిస్తారు. పోటీకి ముందు విశ్రాంతినిస్తారు. ప్రతి తిరునాళ్లకూ అదే జతను కట్టి అలసట పాలు చేయరు. మనిషి ఒళ్లయినా అంతే.

1963 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్ పందెంలో బికిలా మొదట్లో ఎంతో వేగంగా సాగి, తర్వాత ఎదురుగాలికి, చలికి పిక్కలు పట్టేసి అయిదో స్థానంలో నిలిచాడు. దానికి బదులు తీర్చుకోవాలని మరో పందెం వెంట పరుగెత్తలేదు. మళ్లీ ఇంటికి చేరి, పాత క్రమంలోకి వచ్చి, తర్వాతి ఏడాది టోక్యో ఒలింపిక్స్ మీదనే దృష్టి నిలిపాడు.

కోత మానకముందే...

1964 సెప్టెంబరులో, టోక్యో పందానికి సుమారు అయిదు వారాల ముందు, కడుపునొప్పితో అతడు కూలిపోయాడు. అపెండిసైటిస్ అని తేల్చి శస్త్రచికిత్స చేశారు. ఇక ఆశ లేదని అందరూ అనుకున్నారు. కాని అయిదు వారాల్లో పోగొట్టుకునేది ఎంత ఉంటుంది? వెనక అయిదేళ్ల సాధన ఉంది. అక్టోబరు 21న బికిలా, ఈసారి బూట్లు తొడుక్కుని, 2 గంటల 12 నిమిషాల 11.2 సెకన్లలో పందెం ముగించి కొత్త ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. రెండో స్థానంలో నిలిచిన ఇంగ్లండు పరుగువీరుడు నాలుగు నిమిషాల పైచిలుకు తర్వాత వచ్చాడు. ఈలోగా బికిలా మైదానం నడుమ పచ్చికలో పడుకుని కాళ్లు చాచి వ్యాయామాలు చేస్తున్నాడు. ఒలింపిక్ మారథాన్‌ను రెండుసార్లు గెలిచిన మొదటి మనిషి అతడే.

అందరి కథా గెలుపులతోనే ముగియదు. 1967 నుంచి కాలి నొప్పులు వేధించాయి. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో గాయపడిన కాలితోనే బరిలో దిగి 17 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయాడు. స్వదేశానికే చెందిన మామో వోల్డే ఆ పందెం గెలిచాడు. ఎంత సాధన ఉన్నా, ఒళ్లు చెప్పే మాట వినక తప్పదని ఆ రోజు లోకానికి తెలిసింది.

1969 మార్చిలో కారు ప్రమాదం జరిగింది. వెన్నెముక దెబ్బతిని బికిలా కాళ్లు చచ్చుబడ్డాయి. ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో నెలల తరబడి చికిత్స పొందాడు. మళ్లీ నడవలేకపోయాడు. రెండు ఒలింపిక్స్ గెలిచిన కాళ్లు కదలక కుర్చీకి పరిమితమైన ఆ మనిషి అక్కడే విల్లు చేతబట్టాడు. 1970లో వికలాంగుల క్రీడల్లో విలువిద్య పోటీలో పాల్గొన్నాడు. మరుసటి ఏడాది నార్వేలో మంచుబండి పందెం గెలిచాడు. అతనికి పందెం కావలసింది పతకం కోసమే అయితే, అప్పటికే ఇంట్లో రెండు బంగారు పతకాలు ఉన్నాయి. తెల్లవారితే ఒంటికి పని చెప్పడం అతని జీవితమైపోయింది.

1973 అక్టోబరు 25న, 41 ఏళ్ల వయసులో, మెదడులో రక్తస్రావంతో బికిలా మరణించాడు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. వేలాది జనంతో పాటు చక్రవర్తి కూడా హాజరయ్యాడు.

బికిలా పుట్టిన పల్లె వంటి పల్లెలు మన జిల్లాలోనూ ఉన్నాయి. చెప్పులు లేకుండా పరుగెత్తే పిల్లలూ ఉన్నారు. వారికి కావలసింది ఖరీదైన బూట్ల కంటే ముందు ఒక లెక్క. ఈ ఏడాది ఏ ఒక్క పందానికి సిద్ధం కావాలో నిర్ణయించుకోవాలి. అక్కడినుంచి నెలలు వెనక్కి లెక్కపెట్టుకోవాలి. దూరం, వేగం కొద్దికొద్దిగా పెంచుతూ మధ్యమధ్య విశ్రాంతి తీసుకోవాలి. మే నెల మంటల్లో సూర్యోదయానికి ముందే ముగించుకోవాలి. నొప్పి వస్తే ఆగాలి. ఒంటరిగా మనసు నిలవకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి ఒక వేళ పెట్టుకోవాలి. పిలవడానికి ఒకరు గుమ్మంలో నిలబడితే పక్క మీద నుంచి లేవక తప్పదు. ప్రకటన ఎప్పుడు వస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. అది వచ్చేనాటికి కాళ్లు సిద్ధంగా ఉండడం మాత్రం పరుగెత్తేవారి చేతిలోనే ఉంది.