సరస్సును నిర్మించిన ఇంజనీరు

విజయవాడ నుండి మచిలీపట్నం పోయే దారిలో కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు వరుసగా వస్తాయి. దారికి ఇరుప్రక్కలా పరచుకొన్న మాగాణి కృష్ణవేణి యుగయుగాలుగా మోసుకొని వచ్చిన ఒండ్రుమట్టి. ఆ కంకిపాడులో 1902 జూలై 15న కానూరి లక్ష్మణరావు జన్మించారు. తొమ్మిదవ ఏట తండ్రిని కోల్పోయారు. పాఠశాలలో ఆడుకొనే వేళ జరిగిన ప్రమాదంలో ఒక కంటి చూపు పోయింది. అయినా ఆయన చదువు ఆగలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్, గిండీ కళాశాలలో ఇంజనీరింగు పూర్తిచేశారు. మద్రాసు విశ్వవిద్యాలయం నుండి ఇంజనీరింగులో స్నాతకోత్తర పట్టం పొందిన తొలి విద్యార్థి ఆయనే. రంగూనులో ఆచార్యులుగా పనిచేశారు. 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేటు నిచ్చింది.

లక్ష్మణరావు సాధించినదేమిటో గ్రహించాలంటే సరస్సు ఎలా ఏర్పడుతుందో ముందుగా తెలియాలి. సరస్సుకు మూడు కావాలి: నీరు నిలిచే పల్లం, ఆ నీటిని జారిపోనీయని అడ్డు, ఎడతెగక వచ్చి చేరే ప్రవాహం. హిమాలయాల వంటి ఎత్తైన పర్వతాలలో ఈ పనిని మంచు నెరవేరుస్తుంది. హిమానీనదం మెల్లగా కదులుతూ రాతినేలను గిన్నెవలె తొలుస్తుంది. తాను ఈడ్చుకొని వచ్చిన రాళ్లను, మట్టిని అంచున గట్టుగా పేరుస్తుంది. మంచు కరిగి వెనుకకు తగ్గినప్పుడు ఆ గుంటలో నీరు నిలిచి చిన్న సరస్సు అవుతుంది. గుడివాడకు ఈశాన్యాన ఉన్న కొల్లేరు కథ వేరు. కృష్ణా గోదావరులు తమ ఒండ్రుతో చెరొకవైపు డెల్టాలను సముద్రంలోనికి పెంచుకొంటూ పోగా, నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు దానిని నింపుతాయి. ఉప్పుటేరు మిగులు నీటిని కడలికి చేరుస్తుంది.

ప్రకృతి వేల ఏండ్లలో చేసే ఈ పనిని కొద్ది సంవత్సరాలలో చేయవలసిన బాధ్యత స్వతంత్ర భారతంలోని ఇంజనీర్లపై పడింది. లక్ష్మణరావు 1954లో కేంద్ర జల విద్యుత్ సంఘంలో చీఫ్ ఇంజనీరు అయ్యారు. నాగార్జునసాగర్ ఆనకట్ట రూపకల్పనలో ఆయనది ప్రముఖ పాత్ర. కొండల నడుమ లోయ ఉన్నది, కృష్ణా ప్రవాహమూ ఉన్నది. కావలసినది అడ్డు మాత్రమే. లోతు పెరిగినకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది కనుక ఆనకట్ట అడుగున విశాలంగా, పైకి పోనుపోను సన్నంగా ఉండాలి. నాడు దేశంలో సిమెంటు కొరత, యంత్రాల కొరత తీవ్రంగా ఉండేవి. రాయి, శ్రామికుల చేతులు మాత్రం సమృద్ధిగా లభించేవి. అందుచేత దానిని రాతికట్టడంగా నిర్మించారు. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచారు. సుమారు 124 మీటర్ల ఎత్తున నిలిచిన ఆ కట్ట వెనుక ఒక మహా సరస్సు వెలసింది.

ఆ సరస్సుకు మూల్యం చెల్లించినవారు ఉన్నారు. లోయలోని పల్లెలు మునిగాయి. అక్కడివారు పుట్టిన నేలను విడిచిపోయారు. ఇక్ష్వాకుల విజయపురి జలగర్భంలో కలిసింది. 1954 నుండి 1960 వరకు త్రవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండపైకి, అనుపుకు తరలించారు. నదులు తెచ్చే పూడిక ప్రతి జలాశయపు ఆయువును కొంత కొంత హరిస్తుంది. కట్టినవారితో పాటు కాపాడేవారి అవసరమూ సరస్సుకు ఉంటుంది.

లక్ష్మణరావు 1962లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ పిమ్మట మరి రెండు పర్యాయాలు గెలుపొందారు. 1963లో పద్మభూషణ్ పురస్కారం అందుకొన్నారు. ఆ ఏడే కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖల మంత్రి అయ్యారు. 1972లో గంగను కావేరితో కలిపే పథకాన్ని ప్రతిపాదించారు. వ్యయభారం వలన అది కార్యరూపం దాల్చలేదు. 1986 మే 18న ఆయన కన్నుమూశారు.

సాగర్‌కు దిగువన కురిసే వాననీరు నిలిచే చోటు లేక చాలావరకు సముద్రం పాలయ్యేది. నీరు అందని ఏడు మొదట ఎండేవి కాలువల చివరి పొలాలే. ప్రకాశం బ్యారేజీకి ఎగువన పులిచింతల వద్ద 45 టి.ఎం.సి.లకు పైగా నీటిని పట్టే జలాశయం 2013లో ప్రారంభమయింది. దానికి డాక్టర్ కె.ఎల్. రావు సాగర్ అని పేరు. కంకిపాడు బాలుని పేరు మోస్తున్న ఆ సరస్సు నీరు పామర్రు, దివిసీమ పొలాలకు చేరవలసిన నీరు.