నీటిబాటను నమ్మిన కాటన్ దొర

విజయవాడనుండి బందరునకు పోవు బాటసారికి కంకిపాడు దాటునప్పుడు కనుచూపుమేర వరిచేలు కానవచ్చును. ఈ సీమకు నీరు తెచ్చిన కాలువలు ఒకనాడు జనులను, ధాన్యమును మోసిన రాచబాటలని నేటి విద్యార్థులలో పెక్కుమంది యెరుగరు. కాలువ పొలమును తడిపినంతమాత్రమున చాలదు, పడవనుకూడ నడుపవలెనని జీవితాంతము వాదించినవాడు సర్ ఆర్థర్ కాటన్.

ఆయన 1803 మే 15న ఇంగ్లండులో జన్మించెను. నాడు మహాసముద్రములపై ఓడలకు గాలియే బలము, తెరచాపయే సాధనము. 1821లో ఇంజనీరుగా మద్రాసు చేరిన ఆ యువకునకు లభించిన తొలి పనులలో ఒకటి పాంబను జలమార్గ పరిశీలనము. 1824లో మొదలైన బర్మా యుద్ధమున ఆయన పాల్గొనెను. ఆ యుద్ధమునందే డయానా యను ఆవిరియోడ ఐరావతీ నదిలో ఎదురీది పోయి జనులను అబ్బురపరచెను.

ఆనాటి ఆవిరియోడలకు ఇరుప్రక్కల రెక్కల చక్రము లుండెడివి. ఓడ ఒరిగినప్పుడు ఒక చక్రము నీటిలో లోతుగా మునుగును, రెండవది గాలిలో వృథాగా తిరుగును. 1843లో జలప్రవేశము చేసిన గ్రేట్ బ్రిటన్ అను ఇనుప ఓడ అడుగున ప్రొపెల్లరు నమర్చుకొనెను. అది ఎల్లప్పుడు నీటిలోనే యుండి, వెనుకకు నెట్టిన నీటిని చుక్కానిమీదుగా పంపును. ఓడ కదలిక, మలుపు రెండును అందువలన సుకరమయ్యెను.

లోకమంతయు ఈ పెద్ద ఓడలను చూచి మురియుచుండగా కాటన్ దృష్టి చిన్న పడవపై నిలిచెను. నందన కరువున గుంటూరు సీమ శ్మశానమయ్యెను. నీరు సముద్రము పాలగుచుండగా మనుష్యు లాకలితో మరణించుట ఆయనను కలచివేసెను. 1847లో ధవళేశ్వరము ఆనకట్ట నారంభించి 1852 నాటికి ముగించెను. ఆయన ప్రోత్సాహముతో బెజవాడ ఆనకట్టను కెప్టెన్ ఓర్ 1855లో పూర్తిచేసెను.

ఇచట ఒక చిక్కు గలదు. సేద్యమునకు నీరు పారవలెను. పడవకు నీరు నిలువవలెను. వాలు ఎక్కువైనచో ఎదురు ప్రయాణము దుర్భరము. లాకులు ఈ వైరమును తీర్చినవి. క్రిందినుండి వచ్చిన పడవ లోనికి చేరగనే వెనుక తలుపులు మూసి, పైనుండి నీరు వదలుదురు. నీటితోపాటు పడవ పైకి లేచును. పిదప ముందు తలుపులు తెరచుకొనును. గాలి లేనప్పుడు గట్టువెంట నడచుచు మనుష్యులే మోకుతో పడవను లాగెడివారు. మోకు పడవ మొగమును గట్టువైపు త్రిప్పును. చుక్కాని పట్టినవాడు దానిని తిరిగి నడిమికి మరల్చుచుండవలెను. యంత్రము లేకున్నను విద్య యొక్కటే.

మెల్లగ పోవు పడవకు స్వల్పబలము చాలును గనుక, బీదరైతునకు వేగముకన్న చౌక మేలని కాటన్ తలచెను. రైళ్లకు వెచ్చించు ధనమును కాలువలకు మరల్పుమని కోరెను. ఎగువ గోదావరిపై దుమ్ముగూడెమువద్ద నౌకామార్గమునకై జరిగిన కృషి మధ్యలో ఆగిపోయెను. 1878లో బ్రిటిషు పార్లమెంటు సంఘము ఎదుట ఆ వృద్ధుడు తన వాదమును వినిపించెను, సంఘము అంగీకరింపలేదు. ప్రతిపక్షుల మాటలోను కొంత సత్యము లేకపోలేదు: ఎండలలో కాలువ కట్టినచో పడవ నిలిచిపోవును, రైలు నిలువదు.

1897లో పార్సన్స్ టర్బీనియా నౌక ఆవిరి టర్బైను బలముతో ఇంగ్లండు నావికాదళమును ఆశ్చర్యపరచెను. రెండేండ్లకు, 1899 జూలై 24న, తొంబదియారేండ్ల కాటన్ కన్నుమూసెను. బెజవాడనుండి మద్రాసునకు రైలుమార్గము పూర్తియైనదియు ఆ యేడే! తరువాత రైళ్లు, బస్సులు కాలువల ప్రయాణికులను తమవైపు లాగుకొన్నవి, మోకులు మూలబడినవి. 1957లో పాత ఆనకట్ట స్థానమున ప్రకాశము బారేజి వెలసెను. ఏలూరు, కొమ్మమూరు కాలువలతో కూడిన నీటిబాటను 2008లో జాతీయ జలమార్గముగా ప్రకటించిరి.

కాటన్ కోరికలో సగము పండెను, సగము మిగిలెను. పండిన సగము కంకిపాడు చేలలో ఏటేట పచ్చగా నిలుచుచున్నది. మిగిలిన సగమును తలపోయు బాధ్యత నేటి విద్యార్థులది.