కీలు నుండి జెండాకొయ్య దాకా: కెప్టెన్ పాష్ జీవితం

గాడిద తలలో స్తంభమును దూర్చి, కన్యను బిగించి కట్టుమని ఎవరైనా ఆజ్ఞాపిస్తే మనము విస్తుపోతాము. తెరచాపల కాలంలో జర్మన్ ఓడలపై ఇవి నిత్యవ్యవహారంలోని మాటలు. ఓడస్తంభం ఒకే మాను కాదు. ఒకదానిపై ఒకటిగా నిలిపిన రెండు మూడు దుంగలు. క్రింది దుంగ కొసను పై దుంగతో కలిపి పట్టే రంధ్రాల దిమ్మకు జర్మన్ నావికులు పెట్టిన పేరు ‘గాడిద తల’. ఆంగ్లేయులకు అదే ‘టోపీ’. స్తంభం ఒరిగిపోకుండా పట్టే మోకులను బిగించడానికి మూడు రంధ్రాల గుండ్రని కొయ్యబిళ్ల ఉండేది. జర్మనులకది ‘కన్య’, ఆంగ్లేయులకు ‘చచ్చిన కన్ను’. ఎంతటి పండితుడైనా సాధారణ నిఘంటువు సాయంతో ఈ రెంటి నడుమ దారి కనుగొనలేడు. ఆ దారి వేసిన ఒక నావికుని మా విద్యార్థులకు పరిచయం చేయదలచాము.

హైన్రిష్ పాష్ 1835లో బాల్టిక్ తీరాన, హోల్‌స్టైన్ సీమలోని దామెలో జన్మించారు. ఆ సీమ అప్పుడు డెన్మార్క్ రాజు ఏలుబడిలో ఉండేది. ఆయన నావికవృత్తిలో కెప్టెన్ పదవి వరకు ఎదిగి, అనంతరం బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో లాయిడ్స్ రిజిస్టర్ అనే లండన్ సంస్థకు సర్వేయరుగా పనిచేశారు. ఆ సంస్థ ఓడలకు బీమా చేయదు. వాటి దృఢత్వాన్ని పరీక్షించి తరగతి నిర్ణయిస్తుంది. ఆ తరగతిని నమ్మియే బీమా వ్యాపారులు ధనాన్ని, నావికులు ప్రాణాన్ని ఒడ్డేవారు. జర్మన్ వడ్రంగి చూపిన పగులు ఆంగ్ల నివేదికలో మరొక భాగం పేరుతో నమోదైతే మరమ్మతు ఒకచోట జరుగుతుంది, పగులు మరొకచోట మిగిలిపోతుంది. ఇట్టి ఉద్యోగంలో ఉన్నవానికి మాట తప్పు చిన్న తప్పు కాదు.

చిక్కు ఎంతటిదో ఒక స్తంభం కథతోనే తెలుస్తుంది. మూడు స్తంభాల ఓడలో చివరిదానికి ఆంగ్లంలో మిజెన్ అని పేరు. జర్మన్‌లో దానికి అడ్డుకొయ్యలపై చతురస్రపు తెరచాపలుంటే క్రొయిట్స్, లేకుంటే బెజాన్. నాలుగు స్తంభాల బార్క్ ఓడలో మూడవది మిజెన్, జర్మన్‌లో క్రొయిట్స్. నాలుగవది ఆంగ్లంలో జిగ్గర్, జర్మన్‌లో మళ్లీ బెజాన్! కనుక అనువాదకుడు ముందు స్తంభాలు లెక్కపెట్టుకోవాలి. ఇక ఫ్రెంచివారి మిజేన్, చెవికి మిజెన్ వలెనే వినిపించినా, ఓడ ముందరి స్తంభం. ‘కుక్క పహరా’ సంగతీ అంతే. జర్మన్ ఓడలో అది అర్ధరాత్రి నుండి నాలుగు గంటల వరకు. ఆంగ్ల ఓడలో సాయంకాలం నాలుగు నుండి ఎనిమిది లోపు వచ్చే రెండేసి గంటల పహరాలు. మాటకు మాట సరిపోయిందని సంతోషించినవాడు ఇక్కడ నిండా మునుగుతాడు.

పాష్‌కు పూర్వం ఈ పనికి పూనుకున్నవారు లేకపోలేదు. హాంబర్గ్‌కు చెందిన రోడింగ్ 1793–1798 మధ్య యూరపు భాషల నావికా నిఘంటువును ప్రకటించారు. మన దేశంలో లస్కర్లతో మాట్లాడవలసిన ఆంగ్ల అధికారుల కొరకు థామస్ రోబక్ కూర్చిన ఆంగ్ల–హిందుస్తానీ నావికా నిఘంటువు 1811లో కలకత్తాలో అచ్చయింది. ఉర్దూ, తెలుగు రెండింటా ఉన్న లంగరు పారశీకం నుండి వచ్చినదేనని ఈ సందర్భంలో మా మిత్రులకు గుర్తుచేస్తున్నాము. అయితే పాష్ నాటికి ఇనుము, ఉక్కు, ఆవిరియంత్రం వచ్చి ఓడ స్వరూపమే మారింది. పాత గ్రంథాలు చాలవు.

1885లో ఆయన ఆంగ్ల, ఫ్రెంచి, జర్మన్ భాషల గ్రంథం వెలువడింది. ఓడ అడుగున వెన్నెముక వంటి కీలు మొదలుకొని స్తంభపు కొనన జెండా ఎగిరే బిళ్ల దాకా అని దాని పేరుకు అర్థం. పేరుకు తగినట్లే మాటలను అక్షరక్రమంలో కాక ఓడ భాగాల వరుసలో పేర్చి, పటాలు జతచేశారు. మా దృష్టిలో ఆయన ప్రతిభ అంతా ఇక్కడే ఉంది. మాటను మాటతో కాక, వేలితో చూపిన వస్తువుతో ముడివేశారు. గాడిద తల బొమ్మను చూచినవాడు దానిని టోపీ అనడానికి సంకోచించడు.

1890లో ఆంగ్లంలో సచిత్ర నావికా విజ్ఞానసర్వస్వాన్ని కూడా ప్రచురించారు. నిఘంటువు 1894లో పునర్ముద్రణ పొందింది. 1901లో స్పానిష్, ఇటాలియన్ భాషలు చేరి పంచభాషా నిఘంటువైంది. 1904లో పాష్ మరణించారు. అప్పటికే ఆవిరి ఓడలు తెరచాపలను రేవులనుండి తరిమివేస్తున్నాయి. నేడు పాత జర్మన్ ఓడల దినచర్య పుస్తకాలను ఆంగ్లంలోకి తేదలచినవారికి, ఆ ఓడల నమూనాలను చెక్కేవారికి ఆయన పటాలు ఇంకను అక్కరకు వస్తున్నవి.