కప్పకు కూడా చోటిచ్చిన చట్టం – రుక్మిణీదేవి

రుక్మిణీదేవి అరండేల్ పేరు చెప్పగానే ఎవరికైనా భరతనాట్యం గుర్తుకొస్తుంది, మద్రాసు కళాక్షేత్రం గుర్తుకొస్తుంది. నాకు మాత్రం ఒక కప్ప గుర్తుకొస్తుంది. ఇదేం విడ్డూరం అనుకోకండి. ముందు ఆ కప్ప సంగతి చెప్పి, తర్వాత ఆమె జీవితంలోకి వెళ్తాను.

1978లో నేను వేరే ఊళ్లో ఇంటర్మీడియట్ బై.పి.సి. చదువుతున్నాను. డిసెక్షన్ రోజున అటెండరు తడి గోనెసంచిలో కప్పల్ని తెచ్చేవాడు. క్లోరోఫాం పెట్టిన సీసాలో వాటిని వేసి, కదలిక ఆగాక మైనం పళ్లెంలో వెల్లకిలా పడుకోబెట్టి, నాలుగు కాళ్లకూ గుండుసూదులు గుచ్చేవాళ్లం. ఒకరోజు నా కప్పకి మత్తు చాలలేదు. కత్తెర పెట్టాక కాలు లాక్కుంది. పక్కవాడి మొహం చూశాను. వాడు నవ్వాడు, నేనూ నవ్వాను. డెమాన్‌స్ట్రేటరుకి చెప్పాలని తోచలేదు. గుండె బొమ్మ చక్కగా గీసి మంచి మార్కులే తెచ్చుకున్నాను.

అప్పటికి నాకు జంతుహింస చట్టం అంటే ఎద్దులకూ, జట్కా గుర్రాలకూ సంబంధించిన వ్యవహారం. బరువెక్కువ వేసినా, పుండు మీద కాడి మోపినా పోలీసు పట్టుకుంటాడని విన్నాను. కప్పకి చట్టమేమిటి? చిన్నప్పుడు తూనీగ తోకకి దారం కట్టి ఎగరేసినవాణ్ణి, కంచె మీది తొండని రాళ్లతో కొట్టినవాణ్ణి. పెద్దలెవరూ అది నేరమనలేదు. మహా అంటే పాపం అన్నారు, అంతే.

తర్వాత ఇక్కడ లా చదవడానికి చేరాను. లైబ్రరీలో ఒక మధ్యాహ్నం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం తిరగేస్తుంటే రెండో సెక్షను దగ్గర ఆగిపోయాను. జంతువు అంటే మనిషి కాని ఏ ప్రాణి అయినా సరే అని దాని అర్థం. ఆవు, గుర్రం అని జాబితా లేదు. పెంపుడుదా, అడవిదా అన్న భేదం లేదు. పెద్దదా, చిన్నదా అన్న ప్రశ్నే లేదు. నా కప్ప అందులో ఉంది, తొండ ఉంది, అక్షరాలా చదివితే తూనీగ కూడా ఉంది. ఈ చట్టం ఎలా వచ్చిందని వెతుక్కుంటూ పోతే ఎదురైన పేరు రుక్మిణీదేవి.

ఆమె 1904 ఫిబ్రవరి 29న మదురైలో పుట్టారు. తండ్రి నీలకంఠశాస్త్రి గారు ఇంజనీరు, దివ్యజ్ఞాన సమాజం మీద గురి ఉన్న మనిషి. ఉద్యోగ విరమణ తర్వాత కుటుంబాన్ని అడయారుకి తెచ్చారు. అనిబిసెంట్ నీడలో పెరిగిన ఆ అమ్మాయి 1920లో, పదహారేళ్ల వయసులో, తనకంటే పాతికేళ్లు పెద్దవాడైన ఇంగ్లీషు విద్యావేత్త జార్జి అరండేల్‌ని పెళ్లాడింది. మద్రాసు సంప్రదాయ కుటుంబాలు ఎంత అల్లరి చేసి ఉంటాయో ఊహించుకోవచ్చు. లోకం ఏమంటుందో అని ఆగే స్వభావం ఆమెది కాదని ఆనాడే తేలిపోయింది.

1928లో బొంబాయిలో రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా నాట్యం చూశారు. ఆ పరిచయం స్నేహమైంది. నీ దేశపు నాట్యాన్ని వెతుక్కోమని పావ్లోవా ఇచ్చిన సలహా ఆమెను దేవదాసీల సదిర్ దగ్గరకు చేర్చింది. మైలాపూర్ గౌరీ అమ్మాళ్ దగ్గర, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్లె గారి దగ్గర నేర్చుకున్నారు. పరువుగల కుటుంబాల ఆడవాళ్లు ఆ పేరెత్తడానికే జంకే రోజుల్లో, 1935లో అడయారులో ప్రదర్శన ఇచ్చారు. మరుసటి ఏడాది కళాక్షేత్రం వెలిసింది. ఈ కథ చాలామంది రాశారు కనుక నేను ఇంతటితో వదిలేస్తాను. నాకు కావలసింది తర్వాతి అధ్యాయం.

1952లో ఆమెను రాజ్యసభకు నామినేట్ చేశారు. కళాకారిణి కనుక కళల గురించి మాట్లాడతారని అందరూ అనుకుని ఉంటారు. ఆమె మాత్రం మూగజీవుల తరఫున ఒక ప్రైవేటు బిల్లు తెచ్చారు.

అప్పటికి మనకున్నది 1890 నాటి చట్టం. దొరల కాలపు ఆ చట్టానికి జంతువు అంటే పెంపుడుదైనా కావాలి, పట్టి బంధించినదైనా కావాలి. చెట్టు మీది ఉడత, చేని గట్టు మీది కప్ప స్వేచ్ఛగా ఉన్నంతకాలం దాని లెక్కలోకి రావు. ఇంగ్లండులో 1822లో మొదటి చట్టం వచ్చినప్పుడైతే పశువులు, గుర్రాలు, గొర్రెల వంటివాటికే రక్షణ. మనిషికి పనికొచ్చే ప్రాణికే చట్టం అన్న ధోరణి మనకూ అక్కడినుంచే వచ్చింది.

1954లో ఆమె బిల్లు మీద రాజ్యసభలో చర్చ జరిగింది. ప్రధాని నెహ్రూ ఆమె ఉద్దేశాన్ని మెచ్చుకున్నారు. ప్రభుత్వమే సమగ్రమైన బిల్లు తెస్తుందని చెప్పి, దీన్ని ఉపసంహరించుకోమని కోరారు. ఆమె ఒప్పుకున్నారు. సర్కారు మాట నమ్మి బిల్లు వెనక్కి తీసుకోవడమంటే చాలాసార్లు దాన్ని పాతిపెట్టడమే. ఇక్కడ అలా కాలేదు. ఒక కమిటీ వేశారు, ఏళ్లు గడిచాయి, చివరికి 1960 డిసెంబరులో చట్టం అయింది. 1962లో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడితే ఆమే తొలి అధ్యక్షురాలు. బోర్డు కూడా మద్రాసులోనే ఉండేది. ఒక చేత్తో నాట్యశాల, మరో చేత్తో ఈ బోర్డు.

అయితే నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. రెండో సెక్షను తలుపు బార్లా తెరిచింది గానీ, తర్వాతి సెక్షన్లు లోపలికి వచ్చినవాళ్లందరికీ సమానంగా పీట వెయ్యలేదు. పదకొండో సెక్షనులో చాలా నేరాలు యజమానికి సంబంధించినవి. మేత పెట్టకపోవడం, కట్టేసి ఉంచడం లాంటివి. యజమాని లేని ఉడతకి అవేం చేస్తాయి? దాన్ని ఆదుకునేవి ముఖ్యంగా రెండు. ఏ జంతువునైనా కొట్టి, హింసించి అనవసరమైన బాధ పెట్టడం ఒకటి. అంగహీనం చెయ్యడం లేదా అనవసరమైన క్రూరత్వంతో చంపడం రెండోది. రెండోదానికి పోలీసు వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, మొదటిదానికి వీల్లేదు. పట్టుకున్నా మొదటి తప్పుకి జరిమానా గరిష్ఠంగా యాభై రూపాయలు! 1960లో యాభై రూపాయలంటే యాభై రూపాయలే. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె అలాగే ఉండిపోయింది.

ప్రయోగాల అధ్యాయం ఇంకా చిత్రమైనది. కాలేజీల్లో పుస్తకాలు, నమూనాలు, ఫిల్ములతో పని జరిగేటట్లయితే ప్రాణుల మీద ప్రయోగాలు మానాలనీ, చెయ్యి తిరగడం కోసం మాత్రమే అవి చెయ్యకూడదనీ అందులో ఉంది. అది చదివి నా ఇంటర్ ల్యాబు గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. కానీ దాని పక్కనే మరో నియమం. చిన్న ప్రాణులతో సరిపోయేటప్పుడు పెద్ద జంతువుల జోలికి పోవద్దట. ఆ చిన్న ప్రాణుల్లో ఎలుకతోపాటు కప్ప పేరు కూడా ఉంది. అందరినీ ప్రాణులే అన్న చట్టమే చిన్నదాన్ని పెద్దదానికి అడ్డం పెట్టిందన్నమాట.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. అదీ కాకినీ, ఎలుకనీ, పళ్లు తినే గబ్బిలాన్నీ హానికర జీవులని విడిగా జాబితా కట్టి వేటకు వదిలేసింది. 2022 సవరణతో ఆ జాబితా పోయినా, అవసరమనిపిస్తే కొన్ని ప్రాణుల్ని అలా ప్రకటించే అధికారం కేంద్రానికి ఉంది. అంతమాత్రాన ఎలుకని చిత్రహింస పెట్టవచ్చని కాదు. హాస్టళ్లలో వాడే జిగురు అట్టలు ఈ చట్టానికి విరుద్ధమని జంతు సంక్షేమ బోర్డే చెప్పింది. అట్టకి అతుక్కుని రోజంతా కొట్టుకుని చచ్చే ఎలుకని ఎవరైనా ఒక్క నిమిషం చూస్తే ఈ మాటకి సెక్షను నంబరు అక్కర్లేదు.

రుక్మిణీదేవికి ఈ లోపాలు తెలియవని నేను అనుకోను. తాను కోరినదంతా దొరకదని తెలిసి, దొరికినదాన్ని పట్టుకుని పాతికేళ్లు పనిచేసిన మనిషి ఆమె. 1977లో మొరార్జీ దేశాయి రాష్ట్రపతి పదవికి ఆమె పేరు ప్రతిపాదిస్తే కాదన్నారు. ఆ ఏడాది మన నీలం సంజీవరెడ్డి గారు ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. ఆమె తన నాట్యశాలలోనూ, బోర్డులోనూ ఉండిపోయారు. 1986 ఫిబ్రవరి 24న కన్నుమూసేదాకా బోర్డు బాధ్యత వదల్లేదు. మరుసటి ఏడాదే మన దేశం కప్పకాళ్ల ఎగుమతిని నిషేధించింది. వరిచేలలో పురుగుల్ని తినే కప్పలు తరిగిపోతే రైతుకే నష్టమని అప్పటికి తెలిసొచ్చింది. జంతుశాస్త్రం తరగతుల్లో డిసెక్షన్లు దశలవారీగా మానమని యూజీసీ 2011లో చెప్పింది, 2014లో పూర్తిగా ఆపమంది. పుస్తకాలూ నమూనాలూ చాలునన్న ఆ పాత మాట తరగతి గది దాకా రావడానికి యాభై ఏళ్లు పట్టింది.

కనుక చిన్న అడవి ప్రాణికి చట్టం రక్షణ ఉందా అని అడిగితే నా జవాబు ఇది. నిర్వచనంలో ఉంది, శిక్షలో చాలా తక్కువగా ఉంది, అమలులో ఉందా లేదా అన్నది పక్కనున్న మనిషి మీద ఆధారపడి ఉంది. ఎద్దుకి యజమాని ఉంటాడు, ఏనుగుకి అటవీశాఖ ఉంటుంది. కప్పకి సాక్షి తప్ప ఎవరూ లేరు. ఆరోజు ల్యాబులో ఆ సాక్షిని నేను. చట్టం వచ్చి అప్పటికి పద్దెనిమిదేళ్లు. దాన్ని తెచ్చిన మహాతల్లి మద్రాసులో బతికే ఉన్నారు. నేను మాత్రం నవ్వి ఊరుకున్నాను.

ఈ సంచిక చదివే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పగలిగింది ఒక్కటే. హాస్టల్ గోడ మీద తొండని కొట్టేవాడు మీ గదివాడే అయినా, నవ్వకుండా వద్దురా అనండి. సభలో ఒంటరిగా లేచి రుక్మిణీదేవి చేసిన పని కూడా మొదట్లో అంతే.