కారన్‌వాలీసు ప్రభువును శాశ్వత పరిష్కారమును

కారన్‌వాలీసు ప్రభువు పేరు మన జమీందారులకును రైతులకును తరతరములుగ పరిచితమైనదే. భూమిశిస్తును కలకాలమునకు మార్పులేకుండ నిర్ణయించిన శాశ్వత పరిష్కారమునకు ఆయనయే కర్త. ఆ ప్రభువు ధరించిన బిరుదమునకును ఒక చరిత్రము గలదు. అదియు వంశపారంపర్యముగ నిలువవలెనని యీయబడినదే. ఈ రెండును తుదకేమైనవో విచారించుట ఉచితమని తలంచుచున్నాము.

ఈ వంశమువారు సఫోకు సీమలోని భూస్వాములు. ఇంగ్లండున రాజునకును పార్లమెంటునకును పోరు జరిగిన కాలమున ఫ్రెడరికు కారన్‌వాలీసు రాజపక్షము నవలంబించి ప్రవాసక్లేశముల ననుభవించెను. రాజ్యము మరల చేజిక్కిన పిమ్మట రెండవ ఛార్లెసు 1661లో ఆయనకు బారను బిరుద మొసంగెను. 1753లో అయిదవ బారను ఎర్లు పదవి నందెను. ఆయన పుత్రుడే శాశ్వత పరిష్కారకర్తయగు ఛార్లెసు. 1738 డిసెంబరు 31వ తేదీని జన్మించి, 1762లో తండ్రి మరణింపగా రెండవ ఎర్లయి ప్రభువుల సభలో కూర్చుండెను.

అమెరికా వలసలపై పార్లమెంటునకు సర్వాధికారము గలదను చట్టమును 1766లో ఆ సభయందు ప్రతిఘటించినవారు అయిదుగురే. వారిలో ఈతడొకడు. అట్టివాడే పిదప ఆ వలసలవారిపై యుద్ధమునకు వెడలెను. 1781 అక్టోబరు 19వ తేదీని యార్కుటౌనున ఆయన సేన వాషింగ్టనునకు లొంగిపోయెను. అంతటి పరాజయ మొందిన సేనానిని ఇంగ్లండు తిరస్కరింపలేదు సరిగదా, అయిదేండ్లకు భారతదేశమునకు గవర్నరు జనరలుగ పంపెను.

1786లో కలకత్తా చేరి, కంపెనీ ఉద్యోగుల సొంత వ్యాపారమును నిషేధించి, జీతములు పెంచి, లంచగొండితనమును కొంతవరకు అణచెను. ఈ గుణమును మేము కాదనము. కాని ఉన్నతోద్యోగములు భారతీయులకు దక్కకుండ జేసినదియు ఆయనయే. తనవారి అవినీతికి జీతములు పెంచుట మందనియు, మనవారిని వెలుపల నుంచుటయే మేలనియు నెంచెను. 1792లో శ్రీరంగపట్టణమున టిప్పూ సుల్తానుతో సంధి చేసికొని, సగము రాజ్యమును నైజాము, మహారాష్ట్రులతో పంచుకొనెను. 3 కోట్ల 30 లక్షల రూపాయలు విధించి, సుల్తాను కుమారుల నిద్దరను జామీనుగ గైకొనెను. ఆ యేడే ఎర్లు మార్క్విసయ్యెను.

1793లో వంగదేశమున శాశ్వత పరిష్కారము వెలువడెను. జమీందారును భూమికి యజమానిగ నంగీకరించి, వసూలగు 11 వంతులలో 10 వంతులు సర్కారునకు చెల్లింపవలెనని విధించెను. ఆ మొత్తము ఎన్నటికిని పెరుగదు గావున జమీందారులు ఇంగ్లండు భూస్వాములవలె పొలముల నభివృద్ధి చేతురని ఆశించెను. కాని గడువునాటి సూర్యాస్తమయములోగా సొమ్ము చెల్లనిచో జమీ వేలమునకు వచ్చెడిది. పెక్కు ప్రాచీన వంశములు చితికిపోయెను. కలకత్తా ధనికులు జమీందారులైరి. జమీందారు చెల్లించునది నిర్ణీతమాయెను గాని, దున్నెడి రైతు చెల్లించునది నిర్ణీతము కాలేదు.

చెన్నపురి గవర్నరుగ ఎడ్వర్డు క్లైవు ఉన్న కాలమున, 1802 నాటి 25వ రెగ్యులేషను మూలమున ఈ పద్ధతి మన ఉత్తర సర్కారులకు వచ్చెను. జమీందారులకు శాశ్వత సనదులు లభించెను. కంపెనీ చేతనున్న హవేలీ భూములను ముఠాలుగ విభజించి వేలము వేసిరి. వానిలో పెక్కు బాకీలపాలై మరల సర్కారునకే చేరెను.

కారన్‌వాలీసు 1798లో ఐర్లండునకు రాజప్రతినిధియై, అచటి తిరుగుబాటు నణచి, ఆ దేశమును బ్రిటనుతో నేకము చేయుటకు తోడ్పడెను. 1805లో మరల గవర్నరు జనరలుగ వచ్చి, మూడు మాసములైన నిండకముందే అక్టోబరు 5వ తేదీని గాజీపురమున మరణించెను. ఆయన సమాధి అచటనే గలదు.

ఇక బిరుదము మాట. ఆ బిరుదము పురుషసంతతికే చెందును. ఆయన కుమారుడగు రెండవ మార్క్విసునకు అయిదుగురు కుమార్తెలే. 1823లో ఆయన మరణముతో మార్క్విసు పదవి అంతరించెను. ఎర్లు పదవి పినతండ్రియగు బిషప్పునకును, పిదప ఆయన కుమారునకును సంక్రమించి, 1852లో అదియు నశించెను. 1927లో దౌహిత్ర సంతతివాని కొకనికి క్రొత్తగ బారను బిరుద మీయబడెను గాని, పాతవి మరల రాలేదు. శాశ్వత పరిష్కార మంతకంటె దీర్ఘకాలము నిలిచెను; మన సీమలో 146 యేండ్లు నడచి, 1948 నాటి మదరాసు ఎస్టేటుల రద్దు చట్టముతో ముగిసెను.

బిరుదము వారసులు లేక పోయినది. పరిష్కారమునకు వారసులు పెక్కురుండియు నిలువలేదు. దున్నువానిని మరచి వ్రాసిన శాసనమునకు శాశ్వతమను పేరు పెట్టినంత మాత్రమున ఆయువు పెరుగదు. భూమిపై చట్టములు చేయు పాలకులు ఎవరైనను, ఈ ప్రభువు చరిత్రమునందు గ్రహింపవలసినది ఇదియే యని మా యభిప్రాయము.