చార్లెస్ గుడ్‌ఇయర్

చార్లెస్ గుడ్‌ఇయర్ 1800వ సంవత్సరమున అమెరికాలోని న్యూ హేవెన్ పట్టణమున జన్మించెను. తండ్రితో కలిసి నడపిన ఇనుపసామానుల వర్తకము దెబ్బతినగా అప్పులపాలై, పలుమారులు చెరసాల కేగెను.

ఆ దినములలో రబ్బరు వస్తువులు వేసవిలో కరిగి జిగురగుచు, చలికాలమున బిరుసెక్కి పగులుచుండెను. ఈ లోపమును తొలగింపవలెనని అతడు పట్టుబట్టెను. ప్రభుత్వమునకై చేసిన తపాలా సంచులు వేడికి కరిగిపోయెను. ఇంటిలోని వస్తువులు కుదువకు పోయెను. అతని పట్టుదల మెచ్చదగినదే. కాని దాని వెల చెల్లించినది భార్యాబిడ్డలు.

1839లో వోబర్న్ గ్రామమున, గంధకము కలిపిన రబ్బరు కాలిన పొయ్యికి తగిలెను. అది కరుగలేదు, తోలువలె మాడెను. మాడిన భాగము అంచున మాత్రము చక్కని సాగుగుణము నిలిచియుండెను. గంధక మెంత, వేడి యెంత, ఎంతసేపు అను లెక్క తేలుటకు మరికొన్ని యేండ్లు పట్టెను. 1844లో పేటెంటు లభించెను.

గంధకము రబ్బరులోని పొడవైన అణువులను ఒకదానితో నొకటి ముడివేయును. ఆ ముడి వేడికి సులభముగా వీడదు. అందువలననే పాత మోటారుకారుల తలుపులకు, అద్దములకు చుట్టియున్న రబ్బరు పట్టీలు ఎండి పగిలినచో, వానిని మైనమువలె కరగించి మరల పోతపోయుటకు వీలుపడదు.

పేటెంటు తగవులలో సంపాదన హరించిపోయెను. 1860లో గుడ్‌ఇయర్ సుమారు 2 లక్షల డాలర్ల ఋణము మిగిల్చి న్యూయార్కులో మరణించెను. 1898లో అతని పేరు పెట్టుకొని వెలసిన టైర్ల సంస్థకు అతని కుటుంబముతో సంబంధము లేదు.